కూర్చోబెట్టి చెప్పేవాడు

చావు కబురు ఫోనులో చెప్పకూడదని పట్టుబట్టిన మనిషి ఆయన. ఆయన చావు మాత్రం నాకు ఫోనులోనే తెలిసింది. మా ఊరివాళ్ల వాట్సాప్ గ్రూపులో పూలదండ వేసిన ఫొటో, కింద వరుసగా నమస్కరిస్తున్న చేతుల బొమ్మలు. దోహాలో ఉన్నవాళ్లూ, దమామ్‌లో ఉన్నవాళ్లూ, ఊళ్లో ఉన్నవాళ్లూ అందరూ అవే చేతులు పెట్టారు. నేనూ పెట్టాను. ఆఫీసులో రెండు ఉత్తరాల మధ్య, అర నిమిషంలో.

ఆ చేతుల మధ్య మా తమ్ముడు ఒక్కడే ఒక వాక్యం రాశాడు. "మనిషి మంచోడే. కని మా బాపు పోయినప్పుడే ఆల్శెం జేసిండు."

ఆ వాక్యం అబద్ధం. అది అబద్ధమని మా ఊరివాళ్లలో ఇద్దరికే తెలుసు. ఒకరు పోయారు. మిగిలినవాణ్ణి నేను.

ఆయన పేరు ఇక్కడ రాయను. రాస్తే ఆ ఇంట్లో బాధపడేవాళ్లున్నారు.

ఆయన ఖతర్‌లో, దోహా పక్కనున్న ఉమ్ సలాల్‌లో ఒక తోటలో పనిచేసేవాడు. ఖర్జూరపు చెట్లకు నీళ్లు పెట్టడం, చలికాలం వస్తే మడులు కట్టి కూరలు వేయడం ఆయన పని. నేను చూసేనాటికే యాభై దాటాయి. ఒక బరువైన నల్ల సైకిలు ఉండేది. వెనక క్యారియర్ మీద టమాటాల డబ్బా ఒకటి, పాత ట్యూబు ముక్కలతో బిగించి కట్టినది. హ్యాండిల్‌కు గోనెగుడ్డ చుట్టిన నీళ్ల సీసా వేలాడుతుండేది. బయలుదేరే ముందు ఆ గోనెగుడ్డను తడిపేవాడు. టవలు కూడా తడిపి తలకు చుట్టి, దాని మీద టోపీ పెట్టుకునేవాడు. శుక్రవారం వస్తే ఆ సైకిలు మీద ఖతర్‌లో ఆయన వెళ్లని మూల లేదు.

మా ప్రాంతంలో ఎవరైనా పోతే, చుట్టాలున్న ఊళ్లకు ఆ కబురు మోసే పని ఒక వాడవాళ్లది. ఏ వాడో నేను విడమరిచి రాయనక్కరలేదు, చదివేవాళ్లకు తెలుసు. ఆయన తండ్రి నడిచి మోశాడు. ఈయన కొన్నేళ్లు సైకిలు మీద మోశాడు. తరవాత ఊళ్లకు ఫోన్లు వచ్చాయి, ఈయన ఖతర్ వచ్చాడు. అక్కడితో ఆ పని తెగిపోవలసినది. తెగలేదు. ఒకసారి మా పక్క ఊరి కుర్రాడు కట్టుబడి పనిలో మూడో అంతస్తు మీద ఉండగా, తల్లి పోయిందని ఫోనులో విన్నాడు. పడిపోలేదు. కాని దిగడం మరిచిపోయినట్టు, ఫోను చేతిలో పట్టుకుని సాయంత్రం దాకా అక్కడే కూర్చున్నాడు. అది తెలిశాక ఈయన ఊళ్లో తెలిసిన ప్రతి ఇంటికీ ఫోను చేసి ఒకే మాట చెప్పాడట. ఏదైనా జరిగితే మీవాడికి చెప్పకండి, ముందు నాకు చెప్పండి, నేను పోయి చెప్తాను.

ఎందుకింత పట్టుదల అని ఒకసారి అడిగాను.

"మా బాపు వాకిట్ల నిలవడి చెప్పేటోడు బిడ్డా. చెప్పంగనే లోపట ఏడ్పులు మొదలు. గాయన గట్లనే నిలవడేటోడు. పది కోసులు నడిసొచ్చినోనివి, నీళ్లు తాగుతవా అన్నోడు లేడు. చెప్పేటోడు నిలవడితే ఇనేటోడు గూడ నిలవడ్తడు. నిలవడి ఇంటే మనిషి పడిపోతడు. గందుకే ముందుగాల కూసోవాలె. ఇద్దరూ కూసోవాలె. నీళ్లు తాగాలె. గప్పుడు చెప్పాలె."

ఆ వాకిళ్లలో మా తాత వాకిలి కూడా ఉంది. ఆయన ఆ మాట అనలేదు. నేనూ అడగలేదు.

కబురు లేని శుక్రవారాల్లో కూడా మనవాళ్లు పనివాళ్లుగా ఉండే క్యాంపులకు వెళ్లేవాడు. తాను కనిపించినంత మాత్రాన జనం గుండెలు పట్టుకోకూడదని ఆయన ఆలోచన. అలా వెళ్లేటప్పుడు డబ్బాలో పుంటికూర, అంటే గోంగూర, వేసుకుని వెళ్లేవాడు. అందువల్ల క్యాంపులో వాళ్లు ఆయన మొహం కంటే ముందు డబ్బా చూడడం నేర్చుకున్నారు. కూర ఉంటే కబురు లేదని వాళ్ల లెక్క.

"కాకా, డబ్బల ఏముంది?" అని గేటు దగ్గరే ఎవడో అరిచేవాడు.

"పుంటికూర."

"బతికినం పో!"

"నువ్వు బతికినవ్ గని, నీ వంటకు రూములున్నోల్లు బతుకుతరా? పప్పుల ఉప్పు కుమ్మరిస్తున్నవట గదా!"

అందరూ నవ్వేవాళ్లు. ఆయన మాత్రం నవ్వకుండా కూర పంచేవాడు.

మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటివాణ్ణి నేను. దోహాలో, ఫరీజ్ అబ్దుల్ అజీజ్ పేటలో ఒక కంపెనీ ఆఫీసులో ఉత్తరాలూ ఫైళ్లూ చూసే ఉద్యోగం. ఆయనకు నాతో పడే పని దరఖాస్తులు. కబురు చెప్పిన తరవాత సెలవు కావాలి కదా. ఎవరిదో ఒకరిది చీటీ రాయించుకోవడానికి వచ్చేవాడు. అలాంటి ఒక చీటీ కోసమే ఆయనతో కలిసి ఒక దూరప్రయాణం చేశాను. అదొక్కటే చేశాను.

అది జనవరి. ఉత్తరాన రువైస్ దగ్గర ఎడారిలో మేకలు కాసే మనిషి ఒకడు, జగిత్యాల వైపు వాడు. అతని భార్య దవాఖానాలో పోయింది. అతని ఫోను మూడు రోజులుగా మోగడం లేదు. "నువ్వు గూడ రా బిడ్డా, అరబ్బుకు ఇంగ్లీషుల రాసియ్యాలె" అన్నాడు. కారు మాట్లాడదాం అన్నాను. ఒప్పుకోలేదు.

"కారుల అయితె జెల్ది పోతం. జెల్ది పోయి ఏం జేస్తం? వానికి ఏం జెప్పాల్నో నాకు తొవ్వల దొరుకుతది."

మా క్యాంపులో ఒక నేపాలీ దగ్గర సైకిలు అడిగి తెచ్చుకున్నాను. తెల్లవారకముందే ఉమ్ సలాల్ నుంచి బయలుదేరాం. అల్ ఖోర్ రోడ్డు పక్కన సైకిళ్ల కోసమే వేసిన దారి ఒకటి ఉంది, అద్దంలా నున్నగా. బిగుతు బట్టలు, హెల్మెట్లు వేసుకున్న తెల్లవాళ్లు గుంపులుగా మమ్మల్ని దాటిపోతున్నారు. ఒకాయన ఆ టమాటాల డబ్బా చూసి బొటనవేలు ఎత్తాడు. ఈయనా ఎత్తాడు.

"సూడు బిడ్డా, మనిద్దరి కోసం ఎంత సక్కటి తొవ్వ ఏసిన్రో."

అల్ ఖోర్‌లో మలయాళీ హోటల్లో కరక్ చాయ్ తాగి మళ్లీ ఎక్కాం. అక్కడి నుంచి ఎదురుగాలి. దారి వెంట చిన్న చిన్న ఊళ్లు. ఒక మసీదు, ఒక పెట్రోలు బంకు, ఇసుక రంగు గోడలు, నమాజు వేళకు మూసిన రెండు దుకాణాలు. నాకు అన్నీ ఒకేలా కనిపించాయి. ఆయనకు ప్రతి ఊరూ వేరు. "గీ ఊళ్లె ఒక మెట్‌పల్లి డ్రైవర్ ఉంటడు. పోయినేడు వాల్లన్న పోయిండు." ఇంకో ఊరు రాగానే, "గా తెల్ల గేటుంది సూడు, గక్కడ వంటాయన. అవ్వ పోయింది. రెండు దినాలు ఉన్న ఆయనతోని." రాస్ లఫాన్‌కు మలుపు తిరిగే చోట షిఫ్టు బస్సులు ఎదురయ్యాయి. కిటికీలకు తలలు ఆనించి నిద్రపోతున్న మనుషులు. వాళ్లకు చేయి ఊపాడు. "గా బస్సులల్ల నలుగురైదుగురు నా ముంగట కూసున్నోల్లే." ఖతర్ పటం ఆయన తలలో అలా ఉండేది.

చివరి రెండు గంటలు ఆయన మాట్లాడలేదు. నేను మోకాళ్ల నొప్పి గురించి మాట్లాడుతూనే ఉన్నాను.

ఆ మేకల కాపరి మమ్మల్ని దూరం నుంచి చూసి చేతులూపుతూ ఎదురొచ్చాడు. దగ్గరికి వచ్చాక డబ్బా చూశాడు. ఖాళీ. ఏమీ అడగకుండా వెనక్కి తిరిగి తొట్టిలో నీళ్లు పోయసాగాడు. ఈయన సైకిలు పడుకోబెట్టి, అతని చేతిలోంచి బకెట్టు తీసుకుని, "జీవాలు తాగనీ, తర్వాత కూసుందాం" అన్నాడు. మేకలన్నీ తాగేదాకా ఈయనే నీళ్లు పోశాడు. అప్పుడు నేల మీద కూర్చుని, పక్కన చేత్తో తట్టాడు. అతను కూర్చున్నాడు. సీసా ఇచ్చాడు. అతను తాగాడు.

"తమ్మీ. నీ ఇంటామె మంగళారం పోయింది. దవాఖాన్ల. ఒంటిగ లేదు, నీ బిడ్డ చెయ్యి వట్టుకోనే ఉంది."

అంతే చెప్పాడు. అతని మోకాలి మీద చేయి వేసి, తీయలేదు. ఎంతసేపో నాకు తెలుసు. నేను గడియారం చూశాను కనక.

తరవాత నా పని. సంచిలోంచి కాగితం తీసి, భార్య పేరు అడిగాను. అతను తల అడ్డంగా ఊపాడు. మా వైపు పాతకాలపు మగవాళ్లు భార్యను పేరు పెట్టి పిలవరు. పదేళ్ల కాపురంలో ఒక్కసారి కూడా అతని నోట ఆ పేరు వచ్చి ఉండదు. "ఆగు బిడ్డా, జెర సేపు ఆగు" అన్నాడు ఈయన. "పేరు లేకుంటే దరఖాస్తు ఎట్ల రాయాలె కాకా?" అన్నాను. అతను ఆ పేరు చెప్పాడు. చెప్పి, నోరు మూసుకుని, అప్పుడు గట్టిగా ఏడ్చాడు.

ఆ దరఖాస్తు కదిలి అతను విమానం ఎక్కడానికి మూడు వారాలు పట్టింది. మేమిద్దరం ఒక పఠాన్ పికప్‌లో సైకిళ్లు వేసుకుని తిరిగి వచ్చాం. దారిలో ఈయన నాతో అన్నది ఒక్క మాట. "నువ్వు సదువుకున్నోనివి బిడ్డా. కని అడుగుడు తొందరెక్కువ."

నాకు కోపం వచ్చింది. ఎనభై కిలోమీటర్లు తొక్కి, చీటీ రాసి, ఇదా నాకు దక్కిన మాట అనుకున్నాను.

ఆ తరవాత ఒకరోజు ఆయన నేరుగా మా ఆఫీసు పైకి వచ్చాడు, చెమటతో తడిసి, చేతిలో పుంటికూర కట్టతో. రిసెప్షన్‌లో కుర్చీ చూపించినా కూర్చోలేదు. నా పక్క సీట్లో భీమవరం దగ్గరి అకౌంటెంట్ ఒకాయన ఉండేవాడు. ఆయన నవ్వాపుకుంటూ అడిగాడు. "ఏమండోయ్, మీ మావయ్యగారా? పిల్లనిచ్చినాయన కూర కూడా తెచ్చిచ్చెళ్తన్నారే!" పక్కనున్నవాళ్లు నవ్వారు. నేనూ నవ్వాను. కిందికి దిగి, ఇక మీదట ఆఫీసుకు రావద్దనీ, మూలన ఉన్న చాయ్ దుకాణం దగ్గర కలుద్దామనీ చెప్పాను.

"సరే బిడ్డా" అన్నాడు. తరవాత ఎప్పుడూ గేటు దాటి లోపలికి రాలేదు. ఒక్కసారి మాత్రం గేటు దాకా వచ్చాడు.

నాలుగేళ్ల కిందట, జూన్ నెల. ఆ రోజు ఆఫీసులో ఆడిట్. హెడ్డాఫీసు నుంచి నలుగురు వచ్చి కూర్చున్నారు. నా ఫోను సొరుగులో ఉంది. పది గంటలకు గేటు నుంచి నేపాలీ సెక్యూరిటీ ఇంటర్‌కమ్‌లో చెప్పాడు, సైకిలు మీద మీ ఊరాయన వచ్చాడు, సంగతి చెప్పడట, మీతోనే మాట్లాడాలంటున్నాడని. దరఖాస్తు అయితే కాగితం తీసుకుని పంపించెయ్ అన్నాను. కాగితమేమీ లేదంటున్నాడు సాబ్ అన్నాడు. అయితే ఆగమను అన్నాను.

పదకొండున్నరకు మళ్లీ చెప్పాడు. మళ్లీ ఆగమన్నాను. ఆ తరవాత ఫైలు తేవడానికి లేచి, కిటికీలోంచి కిందికి చూశాను. గోడ నీడ జానెడు మిగిలింది. అందులో వీపు ఆనించి నిలబడి ఉన్నాడు. డబ్బాలో కూర లేదు. అది నేను చూశాను. చూసి, జూన్‌లో తోటలో కూర ఎక్కడ పండుతుంది అని నాకు నేనే చెప్పుకున్నాను. ఫైలు తీసుకుని వెళ్లి కూర్చున్నాను.

ఒంటిగంట దాటాక దిగాను. ఆయన పెదవులు తెల్లగా ఎండిపోయి ఉన్నాయి.

"ఇయ్యాలే రావాల్నా కాకా?" అన్నాను. నేనన్న మొదటి మాట అది.

"కూసుందాం పా బిడ్డా."

"కూసునే టైం లేదు. జెల్ది చెప్పు."

ఆయన చుట్టూ చూశాడు. కూర్చునే చోటెక్కడా లేదు. ట్యూబు ముక్కలు విప్పి, క్యారియర్ మీది డబ్బా తీసి, పేవ్‌మెంటు మీద బోర్లా వేశాడు. "కూసో." అప్పుడు నాకు అర్థమైంది. డబ్బా మీద కూర్చున్నాను. ఆయన నా ఎదురుగా కాలుతున్న రాళ్ల మీద కూర్చుని, సీసా కోసం చేయి చాచాడు. సీసా ఖాళీ. మూడు గంటల్లో తాగేశాడు. దానికి ఆయన సిగ్గుపడ్డాడు. "నీకని ఉంచుదామనుకున్న బిడ్డా" అన్నాడు.

నాన్న తెల్లవారుజామున పోయాడు. తమ్ముడు ఈయనకు ఐదింటికే ఫోను చేశాడు. మేస్త్రీని బతిమాలి, ఎండలో తొక్కుకుంటూ ఈయన పదింటికి మా గేటు దగ్గర ఉన్నాడు. అప్పుడే తెలిసి ఉంటే మధ్యాహ్నం విమానం అందేది. మర్నాడు తెల్లవారేసరికి ఊళ్లో ఉండేవాణ్ణి. ఇప్పుడు మిగిలింది అర్ధరాత్రి దాటాక వెళ్లే విమానం. ఎయిర్‌పోర్టుకు వెళ్తుంటే తమ్ముడి ఫోను వచ్చింది.

"అన్నా, గాయన ఎప్పుడచ్చిండు? నేను మీ టైం పదకొండుకు జేస్తె సైకిల్ పంచరైంది, తొవ్వల ఉన్న అన్నడు. నేనే జెప్తనంటె వద్దు, అర్ధగంటల పోతనన్నడు. మల్ల నీకు జేసిన, నువ్వెత్తలే. పంచరేనా?"

పంచరు వేసుకోవడం ఆయనకు పది నిమిషాల పని. ఆ సామాను ఎప్పుడూ వెంటే ఉండేది. పదకొండింటికి ఆయన దారిలో లేడు, నా కిటికీ కింద ఉన్నాడు. నీ అన్న నన్ను లోపలికి రానివ్వడం లేదని చెప్పడానికి నోరు రాక ఆ మాట అన్నాడు.

"ఆఁ" అన్నాను తమ్ముడితో.

నేను ఊరు చేరేసరికి మిట్టమధ్యాహ్నం దాటింది. పెద్దలు అంతసేపు ఆగలేకపోయారు. పెద్దకొడుకు పట్టవలసిన నిప్పుకుండ తమ్ముడు పట్టాడు. నేను చూసింది బూడిద.

తమ్ముడు ఆ సంగతి ఊరంతా చెప్పాడు. చెప్పడా మరి. ఏడాది తిరిగేసరికి ఆయనకు కబురు చెప్పేవాళ్లు లేకపోయారు. ఎవరింట్లో ఏం జరిగినా నేరుగా కొడుక్కే ఫోను చేశారు. ఆయన శుక్రవారాలు కూర పంచుతూనే ఉన్నాడు. ఇక డబ్బా ఎవరూ చూడలేదు.

ఒకసారి చాయ్ దుకాణం దగ్గర అడిగాను. పంచరని ఎందుకు చెప్పావు కాకా?

"మరేమనాలె? రేపు నువ్వు వాల్ల మొకాలు సూడాలె గద."

"నేను తమ్మునికి నిజం జెప్త."

"చెప్పు బిడ్డా" అన్నాడు. వద్దనలేదు. చాయ్ గ్లాసు కింద పెట్టి, నా మొహంలోకి చూస్తూ మళ్లీ అన్నాడు. "చెప్పు."

రెండేళ్ల తరవాత ఆయన ఖతర్ విడిచి ఊరికి వెళ్లిపోయాడు. అప్పటికీ నేను చెప్పలేదు.

తమ్ముడి వాక్యం గ్రూపులో చూసిన మర్నాడు, ఆయన కొడుక్కు ఫోను చేశాను. వెళ్లి చెప్పవలసినది. ఫోనే చేశాను. ఊళ్లో ట్రాక్టర్ నడుపుతాడు ఆ అబ్బాయి.

"సార్, మీరా! బాపు మీ ముచ్చట మస్తు జెప్పేటోడు. మీతోని సైకిల్ మీద సముద్రం దాక పోయిండట గదా."

"అవును. నీకొకటి జెప్పాలె. మా బాపు పోయిన నాడు..."

"తెలుసు సార్. గా పంచరు. గా నాటి నుంచే బాపు మనసు ఇరిగింది. ఊరోల్లు ఏమన్నరో ఎర్కనా సార్? కావాల్ననే ఆల్శెం జేసిండు, పెద్దకొడుకును అందకుంట జేసిండు, పాత పగ తీర్సుకున్నడు అన్నరు."

ఈ మాట నాకు అప్పటిదాకా తెలియదు.

"పంచరు కాలేదు" అన్నాను. "కాక టైముకే అచ్చిండు."



"అంటె? మా బాపు అబద్ధం జెప్పిండంటరా సార్?"

"కాదు, నా కోసం..."

"సార్. పానం పొయ్యేటప్పుడు గూడ గదే అన్నడు సార్. పంచరైందిరా, నేనేం జేద్దును అని. సచ్చేటోడు అబద్ధమాడుతడా? ఫోన్ స్పీకర్ల వెట్టిన. మా అవ్వ ఇంటుంది. మావోల్లు పదిమంది కూసున్నరు. మీరున్నరు గద ఆన్నే. మీ నోటితోని ఒక్క మాట జెప్పుండ్రి. టైరు మీరు సూసిన్రా, లేదా?"

వాళ్లు కూర్చుని ఉన్నారు. నేను ఆఫీసు మెట్ల మీద నిలబడి ఉన్నాను.

"సూసిన" అన్నాను. "ఎనుక టైరు. గాలి మొత్తం పోయింది."

అవతల ఒక ముసలి గొంతు ఏడుస్తూ, "నేను జెప్పలేదార, కావాల్నని జెయ్యలేదని నేను జెప్పలేదా?" అంటూండగా ఫోను పెట్టేశాను.